జట్లు కడితే చాలదు.. మారుస్తూ ఉండాలి

ఐదో తరగతి పూర్తిచేసి ఉన్నత పాఠశాలలో చేరుతున్న విద్యార్థుల్లో రెండో తరగతి వాచకాన్ని కూడా తడుముకోకుండా చదవలేనివారు ఎందరో ఉంటున్నారు. 2024 సంవత్సరపు అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతం. మూడో తరగతిలో అయితే 23.4 శాతమే. అంటే ఐదో తరగతి గదిలో ఉపాధ్యాయుడు పాఠం మొదలుపెట్టే సరికే సగానికి పైగా పిల్లలకు ఆ పాఠం అందని పండుగానే ఉంటోంది. పాఠం ముగుస్తుంది, పాఠ్యప్రణాళిక పూర్తవుతుంది, హాజరుపట్టీలో అందరూ ఉంటారు. చదువు మాత్రం కొందరికే అందుతుంది.

దీనికి విరుగుడుగా అధికారులు, శిక్షకులు తరచూ చెప్పే మాట ఒకటుంది. పిల్లలను జట్లుగా విభజించి బోధించండి అని. మాట మంచిదే. అయితే ఏ ప్రాతిపదికన విభజించాలి, ఎన్నాళ్లపాటు, ఎవరు ఎవరితో కూర్చోవాలి అన్న ప్రశ్నలకు జవాబు లేకుండా చేసే విభజన మేలు కన్నా కీడే ఎక్కువ చేయవచ్చు. జట్టు అనేది పిల్లవాని చిరునామా కాకూడదు. ఒక పని కోసం ఏర్పడి, ఆ పని ముగియగానే కరిగిపోవాలి. విద్యావేత్తలు అనువైన జట్లు అని చెప్పేది దీనినే.

మన పల్లెల్లో ఇది వైకల్పికం కూడా కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటారు. తరగతులు ఐదు, ఉపాధ్యాయులు ఇద్దరు. ఒకరు సెలవు పెడితేనో, సమావేశానికి వెళితేనో మిగిలేది ఒక్కరే. ఒకే గదిలో రెండు మూడు తరగతులను కూర్చోబెట్టి బోధించక తప్పని చోట, పిల్లలను తరగతి ప్రకారం కాక అవసరాన్ని బట్టి కూర్చోబెడితే ఏమవుతుందన్నదే ప్రశ్న.

జూన్‌లో వేసిన ముద్ర

పిల్లలను మార్కులను బట్టి విడదీయడం మనకు కొత్తేమీ కాదు. పట్టణాల్లోని ప్రైవేటు పాఠశాలలు, జూనియర్ కళాశాలలు ఏడాది మొదట్లో ఒక పరీక్ష పెట్టి, ఎక్కువ మార్కులు వచ్చినవారిని ఒక సెక్షన్‌లో, తక్కువ వచ్చినవారిని మరొక సెక్షన్‌లో వేస్తుంటాయి. చాలా చోట్ల అనుభవం ఉన్న అధ్యాపకులు మొదటి సెక్షన్‌కు, కొత్తగా చేరినవారు చివరి సెక్షన్‌కు వెళతారు. చివరి సెక్షన్‌కు తేలిక ప్రశ్నలు, నెమ్మది బోధన, తక్కువ ఆశలు. మార్చి వచ్చేసరికి రెండు సెక్షన్ల మధ్య దూరం జూన్‌లో కన్నా పెరుగుతుంది. ఆ దూరాన్ని చూపి, చూశారా మేము సరిగానే విభజించాము అంటారు!

అలాగని విభజన దానంతట అదే చెడ్డదని చెప్పలేం. పశ్చిమ కెన్యాలో 2005లో 121 ప్రాథమిక పాఠశాలల్లో ఒక అధ్యయనం మొదలైంది. అదనంగా ఒక ఉపాధ్యాయుడిని ఇచ్చి, ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేశారు. దాదాపు సగం పాఠశాలల్లో మార్కులను బట్టి, మిగిలినవాటిలో ఏ భేదమూ లేకుండా పిల్లలను పంచారు. ఏడాదిన్నర తరువాత చూస్తే మార్కులను బట్టి విడదీసిన చోటనే పై సెక్షన్, కింది సెక్షన్ రెండూ ఎక్కువ నేర్చుకున్నాయి. ఎదురుగా ఉన్న పిల్లల స్థాయి ఏదో ఉపాధ్యాయునికి స్పష్టంగా తెలిసి, అక్కడి నుంచే బోధించగలగడం దీనికి ఒక ముఖ్య కారణమని పరిశోధకులు భావించారు. గ్రహించాల్సింది ఇదే. ఫలితమిచ్చింది స్థాయికి తగిన బోధన. ఆ బోధన లేకుండా పిల్లలను వేరు వేరు గదుల్లోకి మార్చడం వల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

వీధిబడిలో కనిపించిన పద్ధతి

ఈ ఆలోచన పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిందని అనుకునేవారు 1823 నాటి ఒక నివేదికను చూడాలి. అప్పటి బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని పాఠశాలలపై మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక అది. తెలుగు, కన్నడ భాషలు మాట్లాడే ఆ జిల్లాలో ఆయన 533 పాఠశాలలను లెక్కించారు. పిల్లలు ముందుగా ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారని, బడిలోని పిల్లలను వారి సంఖ్యను, నేర్పును బట్టి సాధారణంగా నాలుగు విభాగాలు చేసేవారని అందులో రాశారు. కింది విభాగాలకు పెద్ద పిల్లలు సాయపడేవారు. పై విభాగాలను అయ్యవారు స్వయంగా చూసుకుంటూ, బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచేవారు. పిల్లవాడు ఒక విభాగం నుంచి పై విభాగానికి వెళ్లడం వయసును బట్టి కాదు, సామర్థ్యాన్ని, పురోగతిని బట్టి జరిగేది. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే ఈ ఏర్పాటును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నారు కూడా.

ఆ బడుల్లో లోపాలు లేకపోలేదు. ఆడపిల్లలకు, అణగారిన కులాల పిల్లలకు వాటి తలుపులు చాలా వరకు మూసే ఉండేవి. అర్థం తెలియని వల్లెవేతను క్యాంప్‌బెల్ కూడా తప్పుపట్టారు. అయినా ఒక్క గదిలో, ఒక్క ఉపాధ్యాయునితో, వేరు వేరు స్థాయుల పిల్లలు ముందుకు సాగే పద్ధతి ఈ నేలకు పరిచయమైనదే. వయసును బట్టి తరగతి, తరగతికొక వాచకం, ఏడాదికొక మెట్టు అన్న కట్టుదిట్టమైన ఏర్పాటే తరువాత వచ్చింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980వ దశకంలో బ్రిటన్ సహాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) సీనియర్ ఉపాధ్యాయులకు గుర్తుండే ఉంటుంది. ఆ పథకం ఆరు సూత్రాల్లో వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి కృత్యాలు ఒకటి, పిల్లల మధ్య వైయక్తిక భేదాలను గుర్తించి బోధించడం మరొకటి. గోడలకు చార్టులు వేలాడాయి, బల్లలు గుండ్రంగా చేరాయి. పలుచోట్ల మాత్రం పిల్లలు గుండ్రంగా కూర్చుని అందరూ ఒకే నల్లబల్ల మీది వాక్యాన్ని ఎవరికి వారు రాసుకోవడమే జట్టుపనిగా మిగిలింది.

మూడు రోజుల జట్టు

అనువైన జట్టు ఎలా పనిచేస్తుందో ఒక తీసివేత లెక్కలో చూద్దాం. 52 నుంచి 27 తీసివేయమంటే కొందరు పిల్లలు 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసేస్తారు. ఇది అజాగ్రత్త కాదు. పిల్లవాడు తనకు తాను ఏర్పరచుకున్న ఒక తప్పు నియమం. ఎన్ని లెక్కలు ఇచ్చినా అదే నియమంతో చేసుకుపోతాడు. ఇలాంటి పిల్లలు మూడో తరగతిలో నలుగురు, నాలుగులో ఇద్దరు, ఐదులో ఒకరు ఉన్నారనుకుందాం. ఈ ఏడుగురినీ ఒకచోట చేర్చాలి. పదేసి చీపురుపుల్లలను దారంతో కట్టి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ఇవ్వాలి. 27 పుల్లలు పక్కన పెట్టమనాలి. రెండు పుల్లలు చాలవు కనుక ఒక కట్ట విప్పక తప్పదని వారి చేతులకే తెలుస్తుంది. రెండో రోజు పుల్లలతో పాటు పలక, మూడో రోజు పలక మాత్రమే. నాలుగో రోజు ఆ జట్టు ఉండదు. ఏడుగురిలో ఇద్దరికి ఇంకా పట్టుబడకపోతే ఆ ఇద్దరితో మరో రెండు రోజులు కూర్చోవాలి. అంతేకాని ఏడుగురినీ ఏడాదంతా లెక్కల్లో వెనుకబడినవారు అని పిలవనవసరం లేదు.

చదవడంలోనూ అంతే. తెలుగు చదవలేడు అన్న మాట వల్ల ఉపాధ్యాయునికి ఏమీ తెలియదు. అక్షరాలు గుర్తించడం లేదా, గుణింతపు గుర్తుల దగ్గర ఆగుతున్నాడా, ఒత్తుల దగ్గర తడబడుతున్నాడా అన్నది తెలియాలి. క, కా, కి, కీ అని గుణింతం మొత్తం పాటలా అప్పజెప్పే పిల్లవాడు, విడిగా ‘కీ’ని చూపితే మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ రావడం ఉపాధ్యాయులందరికీ తెలిసిన దృశ్యమే. వానికి కావలసింది మళ్లీ గుణింతాల పట్టిక కాదు. గిలక, గీత, గుడి, గూడు వంటి చిన్న మాటలను పక్కపక్కన పెట్టి గుర్తులో తేడా చూపాలి. ఒత్తుల దగ్గర ఆగే జట్టుకు ముందు అమ్మ, అక్క, పువ్వు వంటి సొంత ఒత్తు మాటలు ఇచ్చి, తరువాత పుస్తకం, చంద్రుడు వంటివాటికి వెళ్లాలి. ఈ రెండు జట్లకూ ఒకే పాఠం చెబితే ఒకరికి కాలయాపన, మరొకరికి అయోమయం.

ఇదంతా తెలియాలంటే పిల్లలతో విడివిడిగా కూర్చోవాలి. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ ఉన్న ఒక్క కాగితం చాలు. ఒక్కో విద్యార్థికి ఐదు నిమిషాల లోపు సమయం పడుతుంది. రాత పరీక్ష దీనికి ప్రత్యామ్నాయం కాదు. చూసిరాతలో ఆరితేరిన పిల్లలు అక్కడ పట్టుబడరు.

కలగలుపు జట్టు ఎప్పుడు?

స్థాయిని బట్టి జట్టు రోజుకు గంట, గంటన్నర చాలు. మిగిలిన వేళల్లో పిల్లలు కలసి కూర్చోవాలి. లేకపోతే చదవలేని పిల్లవాడు చదవగలిగినవాని మాట వినే అవకాశమే కోల్పోతాడు. పరిసరాల విజ్ఞానం, కథలు చెప్పుకోవడం, బొమ్మలు గీయడం, ఆటలు వంటి వాటికి వేరు వేరు స్థాయుల వారు కలసిన జట్లే మేలు.

కలిపి కూర్చోబెడితే చురుకైనవాడు పని చేసేస్తాడు, మిగిలినవారు చూస్తుంటారన్నది ఉపాధ్యాయులు సాధారణంగా చెప్పే అభ్యంతరం. అది నిజమే. దీనికి 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ అరాన్సన్ ఒక ఉపాయం కనిపెట్టారు. అప్పటి వరకు వేరువేరుగా చదివిన శ్వేతజాతి, నల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు కోర్టు ఆదేశాలతో ఒకే తరగతికి వచ్చి, ఒకరినొకరు దూరం పెడుతున్న కాలమది. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎవరి ముక్క వారే నేర్చుకుని తక్కినవారికి చెప్పాలి. ఒకరు నోరు విప్పకపోతే జట్టు మొత్తానికీ పాఠం పూర్తికాదు. కనుక వెనుక కూర్చున్నవాడు కూడా అవసరమైన మనిషి అవుతాడు.

మన ఊరి చెరువు పాఠాన్ని ఇలాగే పంచవచ్చు. ఒకరు కట్ట గురించి, ఒకరు తూము గురించి, ఒకరు అలుగు గురించి, ఒకరు ఆయకట్టు గురించి తెలుసుకుని రావాలి. బాగా చదివేవారికి వాచకంలోని పేరా ఇవ్వవచ్చు. చదవలేని పిల్లవానికి అలుగు ఎప్పుడు పారిందో తాతను అడిగి తెలుసుకునే పని ఇవ్వవచ్చు. తీరా చూస్తే అతని దగ్గర ఉన్న సమాచారమే జట్టులో అందరికన్నా ఎక్కువ కావచ్చు.

భాష విషయంలో ఇది మరింత ముఖ్యం. కోయ, గోండి, సవర, బంజారా భాషలు ఇంట్లో మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు వినడమే కొత్త. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది ఈ కారణంగానే. అటువంటి పిల్లలున్న చోట కొత్త విషయం వివరించేటప్పుడు ఒకే భాష వారిని ఒక జట్టుగా, తెలుగులో మాట్లాడించేటప్పుడు కలగలుపు జట్టుగా కూర్చోబెట్టడం మంచిది. ఏ ఒక్కటే పట్టుకున్నా నష్టమే. తెలుగు రానంత మాత్రాన తెలివి లేదని, లెక్కల్లో కూడా కింది జట్టులో వేయడం మాత్రం అన్యాయం.

రిషివ్యాలీ నిచ్చెన

ఈ దారిలో అందరికన్నా దూరం వెళ్లిన ప్రయత్నం మన మదనపల్లె సమీపంలోనే జరిగింది. రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఆధ్వర్యంలో పద్మనాభరావు, రమ దంపతులు 1980వ దశకం నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం ఒక పద్ధతిని రూపొందించారు. వాచకాన్ని విప్పి చిన్న చిన్న మెట్లుగా చేసి, ప్రతి మెట్టుకూ కార్డులు తయారుచేశారు. గోడ మీద నిచ్చెన బొమ్మ. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, ఆ గుర్తు ఉన్న కార్డు తీసుకుని, ఆ గుర్తును బట్టి కూర్చోవాల్సిన జట్టులో కూర్చుంటాడు. ఉపాధ్యాయుని సాయం పూర్తిగా కావలసిన జట్టు ఒకటి, కొంత కావలసినది ఒకటి, తోటివారి సాయంతో నేర్చుకునేది ఒకటి, ఎవరికి వారు చేసుకునేది మరొకటి. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు ఉపాధ్యాయుని పక్కన కూర్చున్న పిల్లవాడే, అభ్యాసం చేసేటప్పుడు తోటివారి జట్టుకు వెళతాడు. కాబట్టి ఏ జట్టు తక్కువదో, ఏది ఎక్కువదో చెప్పడానికి వీలు లేదు.

ఇందులో పల్లె పిల్లలకు ఒరిగే పెద్ద మేలు మరొకటుంది. వేరుశనగ కోతలకో, జ్వరం వచ్చో పది రోజులు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు పది పాఠాలు వెనుకబడడు. వదిలిన మెట్టు దగ్గరే మొదలుపెడతాడు. మామూలు తరగతిలో బడి మానేయడానికి మొదటి కారణం చాలాసార్లు ఆ పది రోజులే.

ఈ పద్ధతిని చూసి వెళ్లిన మైసూరు జిల్లా హెచ్.డి. కోటె ఉపాధ్యాయులు 1995లో కర్ణాటకలో ‘నలి కలి’ని ప్రారంభించారు. చెన్నై నగరపాలక సంస్థ పాఠశాలలు 2003లో ఈ బాట పట్టగా, తరువాత తమిళనాడు అంతటికీ అది విస్తరించింది. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు కానీ, ఈ పద్ధతి ముందుగా రచ్చనే గెలిచింది.

శిక్షణ ఒక్కటే సరిపోలేదు

రెండో ప్రయోగం ప్రథమ్ సంస్థది. వడోదర, ముంబయి నగరాల్లో 2001 నుంచి 2003 వరకు వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి స్థానిక యువతుల చేత చెప్పించగా వారి సామర్థ్యాలు మెరుగుపడ్డాయి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు దీనిని పరిశీలించారు. వీరిద్దరికీ, మైఖేల్ క్రెమర్‌కూ 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది. ఆ తరువాతి ప్రయోగాలు మన అధికారులకు ఎక్కువ పాఠాలు చెబుతాయి. బిహార్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయులకు శిక్షణ, సామగ్రి ఇచ్చారు. బడి వేళల్లో దాని ప్రభావం దాదాపు కనిపించలేదు. ఆ ఉపాధ్యాయులే వేసవి శిబిరాల్లో అదే పద్ధతి పాటిస్తే పిల్లలు నేర్చుకున్నారు. పద్ధతి తెలియక కాదు, బడి తెరిస్తే వాచకం పూర్తిచేయాలన్న ఒత్తిడి ముందుకు వస్తుందన్నమాట.

హర్యానాలో 2012-13లో ఈ చిక్కును విప్పారు. పర్యవేక్షకులు ముందుగా తామే కొన్ని రోజులు పిల్లలకు ఈ పద్ధతిలో బోధించి చూశారు. కాలపట్టికలో రోజుకు ఒక గంట కేటాయించి, ఆ గంటలో తరగతులను పక్కనపెట్టి స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టాలని ఉత్తర్వులిచ్చారు. హిందీ చదవడంలో ఫలితం కనిపించింది. 2021లో కేంద్రం నిపుణ్ భారత్‌ను, 2022లో తెలంగాణ తొలిమెట్టును ప్రారంభించాక పునాది సామర్థ్యాల మాట అందరి నోటా వినిపిస్తోంది. ఆ గంటను మరే పనికీ వాడుకోనివ్వని ఉత్తర్వు లేకపోతే ఎన్ని శిక్షణలైనా చార్టుల దగ్గరే ఆగుతాయి. పర్యవేక్షణకు వచ్చిన అధికారి ఎన్ని పాఠాలు అయ్యాయి అని కాక, గత నెల నుంచి ఎంతమంది పిల్లలు జట్టు మారారు అని అడిగితే చాలా మారుతుంది.

పేరు మారిస్తే ముద్ర పోదు

తమిళనాడులో 2022లో మొదలైన ‘ఎన్నుం ఎళుత్తుం’లో పిల్లల స్థాయులకు అరుంబు, మొట్టు, మలర్ అని పేర్లు పెట్టారు. లేత మొగ్గ, మొగ్గ, పువ్వు అని చెప్పుకోవచ్చు. అందమైన పేర్లే. కానీ గులాబీ జట్టు, మల్లె జట్టు అని ఏ పేరు పెట్టినా ఏది కింది జట్టో పిల్లలు వారంలో పసిగడతారు. ముద్ర తొలగాలంటే పేరు కాదు, సభ్యులు మారాలి. చదవడంలో కింది జట్టులో ఉన్న బాలిక లెక్కల్లో పై జట్టులో ఉండవచ్చు. కూరగాయల అంగడిలో అమ్మకు చిల్లర లెక్క చెప్పే పిల్ల నోటిలెక్కల్లో అందరినీ మించవచ్చు. ఒక్క విషయంలో స్థాయిని చూసి అన్నిటికీ అదే జట్టు వేయడం సోమరితనం తప్ప మరేమీ కాదు.

ఉపాధ్యాయుడు తన జట్ల జాబితాను నెలకొకసారి మరో కోణంలోనూ చూసుకోవాలి. కింది జట్టులో ఉన్నవారంతా ఒకే వాడ నుంచి వస్తున్నారా, అందరూ ఆడపిల్లలేనా అని. అవునంటే అక్కడ కొలిచింది చదువును కాకపోవచ్చు. జట్టు నాయకత్వం ఎప్పుడూ ఒకరికే దక్కుతున్నా, గది ఊడ్చే పని ఎప్పుడూ అమ్మాయిలకే పడుతున్నా అదీ గమనించాల్సిందే. వినికిడి, చూపు సమస్యలున్న పిల్లలను తెలియక కింది జట్టులో వేసిన సందర్భాలూ ఉంటాయి. రెండు వారాలైనా కదలిక లేని పిల్లవాని కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలోని భవిత కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. చురుకైన జట్టు వద్ద ఉపాధ్యాయుడు కూర్చుని, అక్షరాలు రాని జట్టును పెద్ద తరగతి విద్యార్థికి అప్పగించడం. ఇది తిరగబడాలి. కథలు చదవగలిగినవారు పుస్తకం ఇస్తే తమంతట తాము చదువుకుంటారు. అక్షరం దగ్గర ఆగినవారికే అనుభవమున్న ఉపాధ్యాయుడు కావాలి.

తల్లిదండ్రులు అడగవలసింది

మా అబ్బాయిని మొద్దుల జట్టులో వేశారట అని పాఠశాలకు వచ్చే తల్లిదండ్రులను ఉపాధ్యాయులు కసురుకోకూడదు. ఆ బాధ సహేతుకమైనదే. తల్లిదండ్రులు కూడా ఏ జట్టు అని కాక, ఆ జట్టులో ఎన్నాళ్ల నుంచి ఉన్నాడు, ఏది నేర్చుకోవడానికి ఉన్నాడు, మళ్లీ ఎప్పుడు చూస్తారు అని అడగాలి. ఈ మూడింటికీ ఉపాధ్యాయుని వద్ద జవాబు ఉంటే నిశ్చింతగా ఇంటికి వెళ్లవచ్చు. జూన్ నుంచి నవంబరు వరకు అదే జట్టు, అదే పని అని తేలితే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ఆ విషయాన్ని ప్రస్తావించాలి.

కొత్తగా ప్రారంభించదలచిన ఉపాధ్యాయులు అన్ని సబ్జెక్టుల్లో ఒకేసారి మొదలుపెట్టకుండా మొదటి నెల తెలుగు చదవడంతో సరిపెట్టుకోవడం మేలు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను కలిపి రోజుకు ఒక గంట, మధ్యాహ్న భోజనానికి ముందు కేటాయించాలి. భోజనం తరువాతి గంటలో పిల్లలకు నిద్ర, ఉపాధ్యాయులకు రికార్డుల పని ముంచుకొస్తాయి. జట్ల జాబితాను నోటుపుస్తకంలో పెన్సిల్‌తోనే రాసుకోవాలి. పదిహేను రోజులకొకసారి మళ్లీ చదివించి చూసినప్పుడు పేర్లు చెరిపి, కొత్త జట్టులో రాయడానికి అదే అనుకూలం.